రోజుకు ఒక చాపంత

(ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో ఒక గ్రంథాలయం మేడమీద, దసరాకు ముందు జరిగిన సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పెద్దవాళ్లకు, పాతపట్నం నుంచి ఆటోల్లో సరిహద్దు దాటి వచ్చిన చెల్లెళ్లకు, వెనక గోడకు ఆనుకుని నిలబడిన అన్నగార్లకు కూడా. ఇల్లు సర్దుకోవడం గురించి మాట్లాడమని పిలిచినప్పుడు ఇది ఆడవాళ్ల సమావేశం అన్నారు. ఇల్లు అందరిదీ కదా, మగవాళ్లనూ రమ్మనండి అని నేనే అడిగాను. వచ్చారు, చాలా సంతోషం.

ఒక రాత్రి సంగతితో మొదలుపెడతాను. 2018 అక్టోబరు 11. తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన తెల్లవారుజాము మీలో ఎవరూ మరిచిపోయి ఉండరు. మాది పెంకుటిల్లు. కరెంటు పోయింది. గాలికి పడమటి వైపు పెంకులు లేచిపోతుంటే ఒక్కొక్కటీ పగిలే చప్పుడు వినబడుతోంది. మా వారు టార్చిలైటు అడిగారు. మా ఇంట్లో టార్చిలైట్లు నాలుగు ఉన్నాయని నాకు తెలుసు. ఎక్కడున్నాయో తెలియదు. చీకట్లో గూళ్లన్నీ తడిమాను. కొవ్వొత్తులు దొరికాయి, అగ్గిపెట్టె దొరకలేదు. కప్పడానికి టార్పాలిన్ ఉంది. అది కొట్టుగదిలో పాత కుర్చీల కింద, ఆ కుర్చీలు విరిగిన కూలర్ వెనక. ఎనభై ఏళ్ల మా అత్తగారు గోడవారగా గొడుగు వేసుకుని తెల్లవార్లూ కూర్చున్నారు. నాలుగు రోజుల తరువాత కొట్టుగది తెరిపి చేస్తే నాలుగు టార్చిలైట్లూ దొరికాయి. రెండింటిలో సెల్లులు కారిపోయి తుప్పు పట్టి ఉన్నాయి.

ఆ వారమంతా నేను ఆలోచించింది ఒక్కటే. ఉన్న వస్తువు వేళకు దొరకకపోతే అది మన ఇంట్లో ఉన్నట్టా, లేనట్టా? మేము ఆ నాలుగు టార్చిలైట్లూ ఒక్కొక్కటి ఎందుకు కొన్నామో తెలుసా? అంతకుముందు కొన్నది కనబడక. దొరకని వస్తువును మనం మళ్లీ కొంటాం. కొన్నది వెళ్లి ఆ గుట్టలోనే కలుస్తుంది.

మన ప్రాంతానికి అక్టోబరు గండం నెల. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న. ఆ మరుసటి ఏడు అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద పడింది. అందుకే ఈ మాటలు దసరాకు ముందే చెప్పాలని పట్టుపట్టాను.

తుఫాను తరువాత నేను అందరూ చేసే పనే చేశాను. ఒక ఆదివారం నడుం బిగించి అటక మీదిదంతా ఒకేసారి దింపేశాను. ఇత్తడి గుండిగలు, మడత మంచం, పిల్లల పాత పుస్తకాలు, పెళ్లిళ్లకు కొన్న బకెట్లు, అడుగు పోయిన కుక్కరు, దేనివో తెలియని మూతలు. మధ్యాహ్నానికి నడవలో కాలు పెట్టడానికి చోటు లేదు. భోజనాల వేళయింది. నడుం పట్టేసింది. నాలుగింటికి చుట్టాలు వచ్చారు. సాయంత్రం దీపం పెట్టే వేళకు ఏది ఎక్కడిదో చూడకుండా అన్నీ తిరిగి అటక ఎక్కించేశాం. మూడు కవర్ల చెత్త మాత్రం బయటికి వెళ్లింది. ఆ తరువాత ఆరు నెలలు అటక వైపు తలెత్తి చూడడానికి మనసు రాలేదు. ఇది మీ ఇళ్లలోనూ జరిగే ఉంటుంది. చాలామంది దీన్ని బద్ధకం అనుకుంటారు. నేను అనుకోను. ఒక్కో వస్తువు చేతిలోకి రాగానే ఉంచాలా, ఇవ్వాలా, బాగు చేయించాలా, ఎవరినైనా అడగాలా అని ఒక నిర్ణయం చేయాలి. వంద వస్తువులు దింపితే వంద నిర్ణయాలు. నలభై దాటేసరికి మనసు అలసిపోతుంది, ఇక అన్నీ ఉంచేద్దాం అంటుంది.

పరిష్కారం మా అత్తగారి దగ్గర దొరికింది. ఆవిడ బియ్యం ఏరేటప్పుడు బస్తా ఎప్పుడూ కుమ్మరించేవారు కాదు. ఒక చేటెడు తీసుకుని, ఏరి, డబ్బాలో పోసి, అప్పుడు మరో చేటెడు. ఇల్లు కూడా అలాగే ఏరవచ్చు కదా అనిపించింది. మా ఇంట్లో ఒక చిన్న తుంగచాప ఉంది, ఒక మనిషి కూర్చునేంత. ఆ చాప పరిచి, దాని మీద పట్టినన్ని వస్తువులే కిందికి దింపాను. చాప అంచు దాటకూడదు. అవి తేలేవరకు మరొకటి ముట్టుకోకూడదు. దీపాలవేళకు చాప చుట్టి మూల నిలబెట్టాలి. ఇంతే నియమం. సుమారు ఇరవై నిమిషాల పని. సెలవు రోజున కూడా ఒక్క చాపే. ఉత్సాహం వచ్చి రెండో చాప పరిచిన రోజున మర్నాడు మానేశానని నాకు అనుభవం.

చాప మీదికి వచ్చినవి మూడు దారుల్లో వెళతాయి. ఇంట్లో ఉండేవాటికి అప్పటికప్పుడే చోటు చూపించాలి. వెళ్లేవి గడప దగ్గర సంచిలో పడాలి. ఎటూ తేలనివి ఒక గుడ్డ సంచిలో వేసి, మీద ఆ రోజు తేదీ రాయాలి. తేలనిదాన్ని బలవంతంగా తేల్చవద్దు. నేను ఆ సంచులను ధనుర్మాసం మొదలయ్యే రోజున విప్పుతాను. అప్పటికి నెలల తరబడి దాని అవసరం రాకపోతే, భోగి లోపల ఎవరికి ఇవ్వాలో ఆలోచిస్తాను.

ఎక్కడ మొదలుపెట్టాలి? కన్నీళ్లు లేని చోట. పోయినవారి బట్టల దగ్గర ఎవరూ మొదలుపెట్టకండి, మొదటి రోజే చాప ముందు కూలబడతారు. మందుల డబ్బాతో మొదలుపెట్టండి. అక్కడ గడువు తేదీయే నిర్ణయం చేసేస్తుంది. గడువు తీరిన మాత్రలను పిల్లలకు, ఆవులకు అందకుండా, అట్టల నుంచి విడదీసి, వాడేసిన టీపొడిలో కలిపి, మూటకట్టి చెత్తబండికి ఇవ్వండి. కంటి చుక్కల మందు సీసా మీద గడువు ఎంత ఉన్నా, మూత తెరిచాక చాలావాటిని నెల దాటితే వాడకూడదు. కాబట్టి తెరిచిన రోజే తేదీ రాసి పెట్టుకోండి. రెండో రోజు పోపుల సామాను గూడు. మూడో రోజు మూతలు. డబ్బా లేని మూత, మూత లేని డబ్బా ఎన్నేళ్లు చూసినా జత కలవవు.

బీరువా దగ్గర కొంచెం ఆగుతాను. ఈ ఊళ్లో కుంభం అంచు బరంపురం పట్టుచీర లేని ఇల్లు తక్కువ. ఆ చీరలను మనం ప్రేమతోనే పాడుచేస్తున్నాం. ప్లాస్టిక్ కవర్లో పెడితే మన ఉక్కకు లోపల చెమ్మ పట్టి జరీ నల్లబడుతుంది. పాత నూలు పంచె ముక్కలో చుట్టండి. రెండు మూడు నెలలకు ఒకసారి మడత విప్పి, మరో చోట మడత వచ్చేలా పెట్టండి. ఒకే మడతలో ఏళ్లు గడిస్తే పట్టు అక్కడే చిట్లుతుంది. ఒక చాపకు నాలుగు చీరలు చాలు. కలరా ఉండలు చీరకు నేరుగా తగలనివ్వకండి. పసిపిల్లల బట్టల్లో అసలు వద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన బిడ్డలకు ఆ ఉండల్లోని నాఫ్తలీన్ తగిలిన బట్టలు తొడిగితే ఎర్ర రక్తకణాలు చిట్లి కామెర్లు ముదురుతాయి. మనవలు పుట్టబోతున్నారని పాత ఉగ్గుబట్టలు పెట్టెలోంచి తీసే అమ్మమ్మలు ఈ మాట గుర్తుంచుకోవాలి. పురుగు రాకుండా ఎండిన వేపాకు, వస కొమ్ము మన పెద్దలు వాడినవే.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. "ఎప్పటికైనా పనికొస్తుంది." ఈ మాటను నేను ఎగతాళి చేయను, మీరూ చేయకండి. కరువు చూసినవాళ్లు, రేషను బియ్యానికి నిలబడినవాళ్లు అన్న మాట ఇది. తాడుముక్క దాచినవాళ్లే మనలను చదివించారు. కానీ ఆ మాటకు కొనసాగింపు కూడా పెద్దలే నేర్పారు. వాళ్లు తాడుముక్కను దాచినప్పుడు దాన్ని చూరులో ఫలానా వాసం దగ్గర దోపేవారు. చీకట్లో చెయ్యి పెడితే అందేది. దాచడం అంటే చోటు తెలిసి ఉండడం. మనం దాచడం మాత్రం నేర్చుకుని చోటు వదిలేశాం. అందుకే చాప మీద ఏదైనా ఉంచుదామనిపిస్తే నన్ను నేను ఒక ప్రశ్న వేసుకుంటాను. అర్ధరాత్రి కరెంటు లేనప్పుడు నేను ఊళ్లో లేకపోతే, ఇది ఎక్కడుందో ఫోనులో ఒక్క వాక్యంలో మా కోడలికి చెప్పగలనా? చెప్పగలిగితే ఉంటుంది.

వెళ్లేవి ఎక్కడికి వెళ్లాలన్నది కూడా ఆలోచించాలి. పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చే ఆవిడ మన వీధికి వస్తూనే ఉంటుంది. మంచిదే, కానీ పది చీరలు ఇచ్చి తెచ్చుకున్న గిన్నె మళ్లీ అటక ఎక్కితే మనం చేసిందేమిటి? డబ్బు తీసుకోండి, లేదా ఊరికే ఇచ్చేయండి. ఇత్తడినీ కంచునూ కలిపి తూకానికి వేయకండి. రెండింటి ధర వేరు. భోగిమంటలో పాత సామాను వేయడం మన ఆచారమే, ఆ ఆచారం పుట్టినప్పుడు పాత సామానంటే కర్ర, తాటాకు, చీపురు. ఇవాళ ప్లాస్టిక్ కుర్చీ, టైరు, ఫోము పరుపు వేస్తున్నాం. ఆ పొగ పీల్చేది మంట చుట్టూ నిలబడిన మన పిల్లలే. పనిచేయని ఫోన్లను మామూలు చెత్తలో వేయకండి. బ్యాటరీ ఉబ్బిన ఫోనును సొరుగులో ఉంచడం ప్రమాదం, ముందు అది బయటికి వెళ్లాలి. 2023 ఏప్రిల్ నుంచి అమలైన ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని రీసైక్లింగుకు చేర్చే బాధ్యత తయారీదారులది. ఫోను అమ్మిన దుకాణంలోనే అడగండి.

పెరడు గురించి ఒక్క మాట. అక్కడి పాత టైరు, పగిలిన కుండ, బోర్లించని బకెట్టు మన కంటికి అడ్డు రావు, అందుకే ఏళ్లు ఉండిపోతాయి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చేవరకు ఎదగడానికి వారం పది రోజులు చాలు. ఆ గుడ్లు నీళ్లు ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి, వాన పడగానే పొదుగుతాయి. వారంలో ఒక చాప పెరటిది కావాలి.

ఇక కాగితాలు. నేను ఈ వేదిక ఎక్కింది నిజానికి ఇందుకోసమే.

తిత్లీ రాత్రి మా ఇంట్లో తడిసింది ట్రంకు పెట్టె. అందులో మా మామగారి ఉత్తరాలు, మా పెళ్లినాటి ఫొటోలు, కొన్ని దస్తావేజులు ఉన్నాయి. పెట్టె మూత పూర్తిగా పడేది కాదు, లోపల అంత కుక్కి ఉంది. మూడో రోజుకు గాని తెరవలేదు. తడిసిన కాగితానికి రెండు రోజుల్లో బూజు పడుతుందని అప్పుడు నాకు తెలియదు. తెలియక మండుటెండలో ఆరబెట్టాను. ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, సిరా పాకిపోయింది. నీడలో, ఫ్యాను గాలికి, మధ్య మధ్య తెల్ల కాగితమో నూలు గుడ్డో పెట్టి ఆరబెట్టి ఉంటే సగమైనా దక్కేవి. మామగారు పర్లాకిమిడి నుంచి బర్మాలో ఉన్న వాళ్ల అన్నగారికి రాసి, తిరిగి వచ్చిన ఒక ఉత్తరంలో "ఇక్కడ వర్షాలు" అన్న రెండు మాటలే ఇప్పుడు చదవగలం.

మన ఊరి ఇళ్లకు ఇంకొక ప్రత్యేకత ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఈవైపు వచ్చింది, పాతపట్నం ఆవైపు ఉండిపోయింది. ఒకే కుటుంబం, రెండు రాష్ట్రాలు. అందుకే మన పెట్టెల్లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు తెలుగు కాగితం, ఆ తరువాతి ఒడియా పట్టా, ఇంగ్లీషు రసీదు ఒకే మూటలో ఉంటాయి. మా మనవరాలు భువనేశ్వర్‌లో చదువుతోంది. తెలుగు చక్కగా మాట్లాడుతుంది, చదవలేదు. తన ఈడు పిల్లలు ఈ ఊళ్లో కూడా చాలామంది అంతే. రేపు మనం లేనప్పుడు ఆ పిల్ల ఆ పెట్టె తెరిస్తే, ఒడియా కాగితాలను పక్కన పెట్టి తెలుగు కాగితాలన్నిటినీ పాత పేపర్ల బండికి ఇచ్చేస్తుంది. తప్పు ఆ పిల్లది కాదు. దాని మీద ఏముందో మనం చెప్పలేదు.

కాబట్టి కాగితాల చాప పరిచిన రోజున పారేయడం కంటే పేరు రాయడం ముఖ్యం. ఒక్కో మూటనూ ఒక కవర్లో పెట్టి, మీద తెలుగులోనూ ఒడియాలోనూ రెండు వరుసలు రాయండి. మామూలు వాడుక మాటలో రాయండి. వాడుక భాష కోసం జీవితం ధారపోసిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. "ముఖ్య పత్రములు" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "చెరువు కింద మడి, తాతగారు కొన్నది, పన్ను రసీదులు" అని రాయండి. ఫొటో వెనక మెత్తటి పెన్సిలుతో పేర్లు రాయండి. ఆ పేర్లు చెప్పగలిగిన పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. మా అత్తగారు మూడు చాపల కాలం నా పక్కన కూర్చున్నారు. "ఈ పిల్ల మా రెండో ఆడపడుచు, పదకొండో ఏట పోయింది" అని ఆవిడ చెప్పేదాకా, ఆ ఇంట్లో ముప్పై ఏళ్లు కాపురం చేసిన నాకు అలాంటి ఒక పిల్ల ఉండేదనే తెలియదు.

గుండుసూదులు, స్టేప్లర్ పిన్నులు తీసేయండి, మన గాలికి తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. చిరుగులకు సెల్లోటేపు వేయకండి. పాత దస్తావేజుకు ప్లాస్టిక్ లామినేషను చేయించకండి, ఒకసారి అతికితే ఇక విడదీయలేం. ఆధార్, మార్కుల జాబితాల వంటివాటికి 2015 నుంచి డిజిలాకర్ ఉంది. పిల్లల చేత పెట్టించుకోండి. తాటాకు కట్టలు కనబడితే దయచేసి ఏటిలో కలపకండి. భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర మ్యూజియంలో వేల తాళపత్రాలను జాగ్రత్త చేస్తున్నారు. చెప్పగలిగినవాళ్లకు చూపించాకే ఏ నిర్ణయమైనా.

పాత పాసుపుస్తకం దొరికితే ఖాతా మూసేసి ఉంటుందిలే అని పారేయకండి. పదేళ్లు ఎవరూ ముట్టని ఖాతా సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళుతుంది, అయినా వారసుల హక్కు పోదు. 2023లో రిజర్వు బ్యాంకు ఉద్గమ్ అనే పోర్టల్ పెట్టింది. పేరు, బ్యాంకు, పుట్టిన తేదీ వంటి ఒకటి రెండు వివరాలతో అందులో వెతకవచ్చు. మా అమ్మ పసుపు డబ్బా అడుగున, కాగితం కింద, పాత అయిదువందల నోట్లు ఆరు దొరికాయి. 2016 నవంబరు 8 తరువాత అమ్మ రెండేళ్లు బతికే ఉంది. నోట్ల రద్దు సంగతి విన్నది. డబ్బా సంగతి మరిచిపోయింది, లేక చెప్పడానికి మొహమాటపడింది. అవి ఇప్పుడు చెల్లవు. పదికి మించి దగ్గర పెట్టుకోవడం 2017 చట్టం ప్రకారం నేరం కూడా. ఆ ఆరింటినీ నేను ఆ డబ్బాలోనే ఉంచాను. వాటికి చోటు ఉంది, పేరు రాసి ఉంది.

ఎవరో చెయ్యి ఎత్తారు. చెప్పండమ్మా.

(సభలో నుంచి ఒక ప్రశ్న: "అక్కా, మా అత్తగారు ఒక్క చెంబు కూడా కదపనివ్వరు. ఆవిడ గుడికి వెళ్లినప్పుడు తీసేయవచ్చా?")

వద్దమ్మా. ఎదుటివాళ్ల వస్తువును వాళ్లు లేనప్పుడు తీయకూడదు. మనం అటక మీది చెత్త అనుకున్నది ఆవిడకు పుట్టింటి నుంచి వచ్చిన ఒకే ఒక్క గిన్నె కావచ్చు. ఒకసారి అలా పోతే ఆ తరువాత ఆవిడ ప్రతి డబ్బాకూ కాపలా కాస్తారు. ముందు నీ గూడు, నీ చీరలు, నీ చాప. ఆవిడ చూస్తూ ఉంటారు. నెల గడిచాక "అత్తయ్యా, ఈ గుండిగ ఎవరి పెళ్లికి కొన్నారు?" అని అడుగు. తీసేద్దామని అనకు, ఊరికే అడుగు. కథ చెబుతూ ఆవిడే చాప దగ్గరికి జరుగుతారు. మా ఇంట్లో పదకొండు గుండిగల్లో తొమ్మిదింటిని ఎవరెవరికి ఇవ్వాలో మా అత్తగారే చెప్పారు. ఒకటి మా తోడికోడలికి, రెండు రామమందిరానికి ప్రసాదాలు వండడానికి. మిగిలిన ఆరు ఎక్కడికి వెళ్లాయో చెప్పాలంటే ఇంకొక సభ కావాలి.

(మరొక ప్రశ్న: "మా తాతగారి తెలుగు కాగితాలు నేనే చదవలేను టీచరుగారూ. నేను చదువుకున్నది ఒడియా మీడియం. కవరు మీద ఏమని రాయను?")

ఈ ప్రశ్న వస్తుందని ఎదురుచూశాను బాబూ. ఈ గ్రంథాలయం వాళ్లను అడిగి ఒప్పించాను. వచ్చే ఆదివారం నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు నేను, ఇంకా ఇద్దరు పాత ఉపాధ్యాయులు కింది గదిలో కూర్చుంటాం. ఒడియా కాగితాలు చదవలేని తెలుగువాళ్లు వచ్చినా సరే, అది చదివేవారూ ఉంటారు. కాగితాలు మీ చేతిలోనే ఉంటాయి, మేము చదివి చెబుతాం, మీరు కవరు మీద రాసుకోండి. పెట్టె మొత్తం మోసుకురావద్దు. చాప మేమే పరుస్తాం, దాని మీద పట్టినన్ని తీసుకురండి.